దూరం కిలోమీటరే.. భారం పసివారిపై

ఆంధ్రప్రదేశ్‌లో ప్రాథమిక పాఠశాలల 3, 4, 5 తరగతులను కిలోమీటరు లోపున్న ఉన్నత పాఠశాలల్లో విలీనం చేసేందుకు 2022 జూన్‌లో అప్పటి ప్రభుత్వం 117వ నంబరు ఉత్తర్వు జారీచేసింది. జులైలో బడులు తెరిచేసరికి పలు జిల్లాల్లో తల్లిదండ్రులు పిల్లలతో సహా రోడ్డెక్కారు. కొన్నిచోట్ల బడులకు తాళాలు వేశారు. ఏ బడినీ మూసివేయడం లేదని, మూడో తరగతి నుంచే సబ్జెక్టు ఉపాధ్యాయులు బోధిస్తారని ప్రభుత్వం చెప్పుకొచ్చింది. ఆ వాదనను తోసిపుచ్చలేం. ఒకే ఉపాధ్యాయుడు ఐదు తరగతులను నెట్టుకురావడం వల్ల ఎవరికీ మేలు జరగలేదు. అయితే దస్త్రంలోని కిలోమీటరులో లారీలు తిరిగే రహదారి, వానాకాలపు వాగు, రైలు పట్టాలు కనిపించవు. ఎనిమిదేళ్ల బిడ్డ వాటిని దాటవలసిందే. పొద్దు పొడవకముందే కూలికి వెళ్లే తల్లికి దిగబెట్టి వచ్చే తీరిక ఏదీ? ఇక 1, 2 తరగతులే మిగిలిన చోట ఉన్న ఒక్క ఉపాధ్యాయుడు సెలవు పెడితే బడికీ సెలవే. అక్కడి పిల్లలు క్రమంగా ప్రైవేటు బడి బస్సెక్కుతారు. ఆపై విద్యార్థుల సంఖ్య తగ్గిందన్న సాకు సిద్ధంగా ఉంటుంది. గ్రామస్థులను ఎక్కువగా కలవరపెట్టింది ఇదే. 2025లో కూటమి ప్రభుత్వం ఆ ఉత్తర్వును రద్దుచేసి, తరగతికో ఉపాధ్యాయుడితో మోడల్ ప్రాథమిక పాఠశాలలను తెచ్చింది. పొరుగూరి బడి మోడల్‌గా ఎంపికై, అక్కడికి 3, 4, 5 తరగతులు తరలిన ఊళ్లలో పసివారికి నడక తప్పలేదు.