లెన్సులున్నాయి, లెక్కల్లేవు

మన సాఫ్ట్‌వేర్ జనానికి ఈమధ్య పక్షుల పిచ్చి బాగానే పట్టింది. సంతోషం. లక్షలు పోసి తూములాంటి లెన్సు కొంటారు, ఆదివారం తెల్లారకముందే ఏదో చెరువు గట్టున వాల్తారు, కాళ్ళలో చేపతో ఎగిరే గద్ద ఫోటో ఒకటి పట్టుకొచ్చి సోమవారం ఆఫీసు గ్రూపులో పెడతారు. ఎవరి డబ్బు వాళ్ళది, నాకేం పేచీ లేదు. నా గొడవల్లా ఒకటే. "ఆ పూట గద్దలెన్ని కనబడ్డాయి?" అని అడిగి చూడండి. ఒక్కడూ చెప్పడు.

సర్వర్ అర నిమిషం మూలిగితే అర్ధరాత్రి ఫోను మోగేలా ఏర్పాటు చేసుకునే జాతి మనది. నడిచిన అడుగులు, నిద్రపోయిన గంటలు, ఆఖరికి తాగిన నీళ్ళు కూడా లెక్కే. ఆకాశం దగ్గరికొచ్చేసరికి మాత్రం "చాలా ఉన్నాయండీ", "ఈసారి తగ్గాయనుకుంటా" దగ్గర ఆగిపోతాం. ఇదే మాట స్టేటస్ మీటింగులో అంటే ఊరుకుంటారా?

వానలు వెనకబట్టి ఆశ్వయుజం వచ్చేసరికి ఉత్తరాది వేటపక్షులు దక్కను మీదికి దిగడం మొదలవుతుంది. మధ్య ఆసియా గడ్డి మైదానాల నుంచి పిల్లిగద్దలొస్తాయి. పగలంతా మిడతలవీ తిని, రాత్రిళ్ళు గడ్డిలో నేలమీదే గుంపుగా పడుకుంటాయి. (నంద్యాల జిల్లా రోళ్ళపాడు వీటికి పాత విడిది.) గాల్లో ఒకేచోట రెక్కలాడిస్తూ నిలబడి కిందికి చూసే చిన్న డేగ, కెస్ట్రెల్, అదీ వస్తుంది. అమూర్ డేగలైతే నాగాలాండులో ఆగి, నవంబరు ప్రాంతంలో మన ద్వీపకల్పం మీదుగా అరేబియా సముద్రం దాటి ఆఫ్రికాకి పోతాయి. తార్నాక చౌరస్తాలో హారన్లు కొట్టుకుంటున్న మనం తలెత్తి చూసిందెప్పుడు?

దీనికి తెలిసినవాళ్ళు చెప్పే సమాధానం ఒకటుంది. "హైదరాబాదు వలస పక్షులకి ఇరుకు దారి కాదండీ, ఇక్కడ లెక్కపెట్టి ఏం లాభం?" మొదటి సగం నిజమే. జార్జియాలోని బాటూమిలో ఒకపక్క నల్లసముద్రం, ఇంకోపక్క కాకసస్ కొండలు నొక్కిపెట్టడం వల్ల ఒక్క శరత్కాలంలో 10 లక్షలకి పైగా వేటపక్షులు ఆ సందులోంచే వెళ్తాయి. 2008 నుంచి అక్కడ లెక్క నడుస్తోంది. మన దక్కను విశాలం. వేడిగాలి ఎక్కడ లేస్తే అక్కడ ఎక్కి పోతాయి, చెల్లాచెదురుగా. ఉస్మానియా క్యాంపస్‌లో రెండు గంటలు నిలబడితే మన గద్దలూ, జాలె డేగలూ పోను వలస పక్షి ఒకటి కనబడొచ్చు, సున్నా రావొచ్చు. ఒక మిత్రుడు నన్నడిగాడు, సున్నా కోసం ఆదివారం పాడుచేసుకోవాలా అని. లాగ్‌లో ఎర్రర్లు లేని రోజు లాగ్ చెరిపేస్తావా నాయనా? సున్నా రాసిపెట్టుకుంటేనే కదా, వచ్చే ఏడు మూడొస్తే అది మూడని తెలిసేది!

లెక్క విలువ రాబందుల్నడగాలి. 1980లలో మన దేశంలో రాబందులంటే ఎవరూ పట్టించుకోనంత మామూలు పక్షులు. భరత్‌పూర్ కేవలాదేవ్ పార్కులో విభు ప్రకాశ్ అప్పట్లోనే వాటిని లెక్కపెట్టి ఉంచారు. 1990లలో మళ్ళీ లెక్కపెడితే పతనం కళ్ళకి కట్టింది. 2004కి కారణం తేలింది, పశువులకిచ్చే డైక్లోఫెనాక్. 2006లో పశువైద్యంలో దాన్ని నిషేధించారు. అప్పటికే తెల్లవీపు రాబందులు నూటికి తొంభైతొమ్మిది పోయాయి. పాత లెక్క లేకపోయుంటే ఇంకెన్నేళ్ళు "ఈమధ్య తగ్గాయనుకుంటా" అంటూ కూచునేవాళ్ళమో.

ఈబర్డ్‌లో లిస్టులు పెడుతున్నాం కదా అంటారు. పెడుతున్నారు, సంఖ్య రాయాల్సిన చోట చాలామంది ఎక్స్ కొట్టి వదిలేస్తున్నారు. అంటే "ఉంది" అని. అది దండగ అనను. 2023లో వచ్చిన 'స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్' నివేదిక, ఎన్ని లిస్టుల్లో ఒక పక్షి కనబడిందన్న దాన్నిబట్టే దాని పోకడ తేల్చింది, వేటపక్షులు బాగా తగ్గాయనీ చెప్పింది. కానీ ప్రతి లిస్టులోనూ ఉండే మామూలు గద్ద సంగతేంటి? యాభై ఉన్నా ఎక్సే, అయిదున్నా ఎక్సే. రాబందులు కూడా ఒకప్పుడు అలాంటి పక్షులే.

ఇదేదో పక్షి ప్రేమికుల సరదా గొడవ అనుకోకండి. 2025 మార్చి చివర్లో కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లోకి బుల్డోజర్లు దిగాయి, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపమంది. ఆ గొడవలో విద్యార్థుల చేతికి అందివచ్చిన వాటిల్లో ఒకటి, అంతకుముందు ఎవరెవరో ఓపిగ్గా రాసిన పక్షుల జాబితాలు. రెండొందల పైచిలుకు జాతులని చెప్పగలిగారు. వెయ్యి ఎకరాలు దాటిన ఉస్మానియాకి రేపు అలాంటి రోజొస్తే ఏం చూపిస్తాం? మన ఫోటోలా? ఫోటో ఒక పక్షి ఒకరోజు ఉందని చెబుతుంది, అంతే.

అన్నట్టు, దసరానాడు పాలపిట్టని చూడటం మనకి ఆనవాయితీ. ఇప్పుడేమో గుడి బయట పంజరంలో పెట్టి డబ్బులకి చూపిస్తున్నారు, 1972 చట్టం ప్రకారం నేరమైనా సరే. తలెత్తి ఆకాశంలో వెతుక్కోవాల్సిన పండగని కూడా కౌంటర్ దగ్గర టోకెన్ చేసేశాం.

తార్నాకలో ఐఐసీటీ, పోషకాహార సంస్థ, కాస్త ముందుకెళ్తే ఎన్‌జీఆర్‌ఐ, సీసీఎంబీ. పొద్దున్నే బ్లూ లైన్ ఎక్కి రాయదుర్గం పోయే మనం. కొలవడం తెలిసినవాళ్ళకి ఇక్కడ కొదవా? కావాల్సింది నలుగురు మనుషులు, రెండు బైనాక్యులర్లు, ఒక నోటుపుస్తకం. సెప్టెంబరు చివరి ఆదివారం నుంచి నవంబరు ఆఖరుదాకా, వారం వారం, ఆర్ట్స్ కాలేజీ ముందు ఒకటే చోట, తొమ్మిదిన్నర నుంచి పదకొండున్నర. ఎండ ఎక్కి గాలి లేచాకే గద్దలు పైకొస్తాయి కాబట్టి తెల్లారుజామునే లేవక్కర్లేదు, ఇదొక్కటి మనవాళ్ళకి నచ్చుతుంది. జాతి తెలియకపోతే "తెలియని గద్ద, 1" అని రాయండి. ఏమీ రాకపోతే సున్నా రాసి, కింద తేదీ వేయండి. లెన్సు తెచ్చుకోవాలనుంటే తెచ్చుకోండి, లెక్క రాశాకే బయటికి తీయండి.