ఇంటికప్పునకు ఇన్ని కట్టుబాట్లా?

పల్లెలో ఇల్లుగలవాడు తాటాకు తీసివైచి స్లాబు వేసికొనదలచినచో మొదట ఎవరి నడుగవలెను? మేస్త్రీ నడుగవలెనని లోకజ్ఞానము చెప్పును. పంచాయతి కార్యదర్శి నడుగవలెనని చట్టము చెప్పును. మట్టిగోడ స్లాబును మోయజాలదు గావున గోడలు తిరిగి కట్టవలెను. తిరిగి కట్టుటకు అనుమతి కావలెను. ఇందు తప్పు లేదు. ఊరన్న పిదప ఊరికొక కట్టడి యుండవలసినదే. కాని ఆ కార్యాలయమున వినవచ్చు మొదటి ప్రశ్న యేది? గోడ నిలుచునా, కప్పు గాలి కాగునా యని కాదు. "స్థలమునకు దస్తావేజు ఏది?" యని. ఇచ్చటనే నిబంధన తన ధర్మమును మరచినదని మా యభియోగము.

గ్రామకంఠమనగా నేమో పాఠకు లెరుగుదురు. రైత్వారీ సర్వే కాలమున సాగుభూమికి శిస్తు గట్టిరి. జనము కాపురముండు చోటికి శిస్తు లేదు గావున దానిని ఇల్లిల్లుగా విభజింపక విడిచిరి. తాతల నాటినుండి అచ్చట నివసించు అనేకులకు పట్టా లేదు, రిజిస్టరు దస్తావేజు లేదు. ఉన్నవి ఇంటిపన్ను రసీదులు, ఇరుగుపొరుగుల సాక్ష్యము. పన్ను పుచ్చుకొనునపుడు ఆ యిల్లు వానిదే. కప్పు మార్చునపుడు మాత్రము ఎవరిదో తెలియదట!

మా వకీలు వృత్తిలో కన్నులార చూచిన సంగతి యొకటి. ఒక వితంతువు కారుచున్న పెంకుటింటిని బాగుచేసికొనబోయెను. ఆమె యొద్ద ముప్పది యేండ్ల పన్ను రసీదులు గలవు. కార్యాలయమున దస్తావేజు అడిగిరి. లేదనగా వారసత్వపు ధ్రువపత్ర మడిగిరి. అది వచ్చులోపల గుమాస్తా మారెను. క్రొత్తవాడు ప్లాను మరల గీయించుకొని రమ్మనెను. అనుమతి లేనిదే బ్యాంకు ఋణ మీయదయ్యెను. తుదకొక మధ్యవర్తి వచ్చి, ఇంత ఇచ్చినచో రేపే పని యగునని చెవిలో నూదెను. ఆమె ఈయలేదు, చేబదులు తెచ్చి రేకులు కప్పుకొనెను. ఆ రేకులను సరిగా బిగించిరో లేదో చూచినవాడు లేడు.

చూడవలసిన దదియే గదా! భారతీయ ప్రమాణములలో గాలి నిగూర్చిన ఐ.ఎస్. 875 మూడవ భాగము విశాఖపట్టణమునకును విజయవాడకును సెకనుకు 50 మీటర్ల వేగమును, హైదరాబాదునకు 44 మీటర్లను లెక్కకు తీసికొనుమని చెప్పుచున్నది. 50 మీటర్లనగా గంటకు 180 కిలోమీటర్లు. అట్టి గాలి తేలిక కప్పును క్రిందికి నొక్కదు, పైకి లేవదీయును. చూరులందును మూలలందును ఆ లాగుడు మిక్కిలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ తీరమున ఈ పాఠమును నేర్పిపోయెను. రేకునకు కొక్కెపు బోల్టు, కప్పునకు గోడతో బంధము, గోడకు పునాదితో బంధము: ఈ మూటిని అడుగు నిబంధన ప్రాణరక్షకము. వీని నడుగక కాగితమునే అడుగు నిబంధన మధ్యవర్తికి జీవనోపాధి.

అనుమతి సడలించినచో వీథులాక్రమింతురు, తగవులు పెరుగునని కొంద రందురు. ఈ భయము నిరాధారము కాదు. వీథి హద్దు, మురుగుకాలువ, పొరుగువాని గోడమీద పడు చూరునీరు, ఇవి పంచాయతి చూడదగినవే. కాని స్థలహక్కు తగవును తీర్చునది సివిలు న్యాయస్థానము. అనుమతిపత్రము ఎవరికిని హక్కును పుట్టింపదు. అట్లుండ, హక్కుపత్రము లేదని అనుమతిని బిగబట్టుట యేమి న్యాయము?

2020లో తెలంగాణ శాసనసభ చేసిన చట్టము పట్టణములలో 75 చదరపు గజముల లోపలి స్థలమున చిన్న ఇల్లు కట్టువానికి అనుమతి యక్కరలేదనెను. ఒక్క రూపాయితో నమోదు చాలుననెను. పట్టణవాసి మాటను నమ్మిన ప్రభుత్వము పల్లెవాని మాటను నమ్మరాదా? 2016లో వెలసిన కేంద్ర గ్రామీణ గృహ పథకము 25 చదరపు మీటర్లను ఇంటికి కనీసపు కొలతగా నిర్ణయించినది. అంతపాటి ఇంటికైనను స్వీయప్రకటన చాలదా? 2020 ఏప్రిల్ 24న స్వామిత్వ పథకము నారంభించి, ఊళ్ళను డ్రోనులతో కొలిచి ఆస్తిపత్రములిత్తుమనిరి. మంచిదే. ఆ పత్రము చేతికందువరకు కప్పు కారుచుండవలెనా?

రాజ్యాంగపు పదునొకండవ షెడ్యూలులో గ్రామీణ గృహవసతి పదియవ యంశము. అది పంచాయతుల కప్పగింపదగిన పని. కావున మేము కోరునది స్వల్పము. పాతచోటనే చిన్న ఇంటి కప్పు మార్చువాడు పన్ను రసీదుతోను, హద్దుదారుల సంతకములతోను ప్రకటన చేయవలెను. పంచాయతి దానిని పలకపై వ్రాయవలెను. పదునైదు దినములలో ఆక్షేపణ రానిచో పని సాగవలెను. పిమ్మట ఇంజనీరు వచ్చి కాగితమును గాక కప్పును చూడవలెను.

పఠనాలయములలో దీనిని చదువు పట్టణవాసులారా! మీలో పెక్కురకు పల్లెలో నొక పాతయిల్లుండును. రాబోవు గ్రామసభకు పొండు. ఈ కోరికను తీర్మానముగా ప్రతిపాదింపుడు. వకీళ్ళు నెలకొక ఆదివారము దరఖాస్తులు వ్రాసిపెట్టుదురు గాక. ఇంజనీర్లు మేస్త్రీలకు బిగింపు నేర్పుదురు గాక. వానకారు సంతకమునకై ఆగదు.