పండగ ముందు రోజు అప్‌డేట్ వద్దు

అరవై దాటాక తెలుగు రాయడం నేర్చుకుంటున్నాను. తప్పులుంటే చెప్పండి.

ఉగాది ముందు రాత్రి అవాలిలో మా ఇంట్లో కంప్యూటర్ అప్‌డేట్ అయింది. తర్వాత నీలం తెర. మళ్ళీ ఆన్ చేస్తే మళ్ళీ అదే. గుడికి ఎవరు ఏం వండి తెస్తారో ఆ జాబితా అందులోనే ఉంది. గుర్తున్నంతవరకు ఫోన్లు చేశాను.

మూడోసారి ఆగాక రిపేరు మెనూ వచ్చింది. ముందు 48 అంకెల బిట్‌లాకర్ కీ అడిగింది. మా ఆవిడ దాన్ని పాత పంచాంగం వెనక రాసి పెట్టింది! అది కొట్టి, కొత్త అప్‌డేట్ తీసేశాను. కంప్యూటర్ లేచింది. అప్పటికే తెల్లవారింది. గుడికి పులిహోర రెండు గిన్నెలు వచ్చింది, ఉగాది పచ్చడి మాత్రం చాలలేదు.

2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అప్‌డేట్ వల్ల సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు ఇలాగే ఆగాయి. హైదరాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాస్‌లు చేత్తో రాసి ఇచ్చారు. కాగితం ఉంది కాబట్టి జనం విమానం ఎక్కారు.

అప్‌డేట్లు అసలే వద్దు అనేవాళ్ళతో నేను ఒప్పుకోను. అవి లేకపోతే దొంగకి తలుపు తీసినట్టే. కానీ పండగ వారం వాటిని ఆపి పెట్టండి, సెట్టింగ్స్‌లో ఆ వీలుంది. కీ, జాబితా రెండూ కాగితం మీద రాసుకోండి. మేము కొత్త పంచాంగం వెనక రాసేశాం.