ఎలియట్ పాఠంలో దాటేస్తున్న పేజీ

ఎంఏ ఇంగ్లిష్ విద్యార్థులకు టి.ఎస్. ఎలియట్ 'వేస్ట్ ల్యాండ్' చెప్పినప్పుడల్లా చూస్తుంటాను. 1922లో వచ్చిన ఆ కావ్యం చివర్లో బృహదారణ్యకోపనిషత్తు ఉరుము, శాంతి మంత్రం వినిపిస్తాయనగానే పిల్లల ముఖాలు వెలిగిపోతాయి. ఎలియట్ మనవాడే అనిపిస్తాడు. ఆ మురిపెంలోనే ఇంకో పేజీ దాటేస్తున్నాం.

అంతకు రెండేళ్ల ముందు అచ్చయిన 'జెరోన్షన్' చూడండి. పాడుబడ్డ అద్దె ఇంట్లో కూర్చున్న ఒక ముసలివాడు యూరప్ చరిత్రనంతా తలపోస్తుంటాడు. ఇంటి యజమాని యూదుడు. పేరు లేదు, నోట మాట లేదు. కిటికీ దగ్గర గొంతుక్కూర్చున్న పరాయివాడు, అంతే. 'వేస్ట్ ల్యాండ్' వెనకున్న పురాగాథలో రాజు గాయపడితే నేల బీడవుతుంది. ఇక్కడ ఆ గాయపడ్డ రాజు చోట యూదుణ్ని కూర్చోబెట్టాడు కవి. నాగరికత ఎందుకు కుళ్లిందన్న ప్రశ్నకు ద్వేషం దగ్గర ఎప్పుడూ సిద్ధంగా ఉండే జవాబే ఇది.

రచన వేరు, రచయిత వేరు అంటారు. నిజమే, కానీ ఈ విషం కవి ఉత్తరాలకో ఇంటి కబుర్లకో పరిమితం కాలేదు, పద్యపాదాల్లోనే ఉంది. హిట్లర్ గద్దెనెక్కిన 1933లోనే వర్జీనియా విశ్వవిద్యాలయంలో ఉపన్యసిస్తూ, స్వేచ్ఛాలోచన గల యూదులు ఎక్కువమంది ఉండటం సమాజానికి మంచిది కాదన్నాడు ఎలియట్. పుస్తకంగా వచ్చిన ఆ ఉపన్యాసాలను తర్వాత మళ్లీ అచ్చు వేయనివ్వలేదు. పద్యాలు మాత్రం అచ్చవుతూనే వచ్చాయి. వెనిస్ నగరంలో ఎలుకలనూ యూదులనూ ఒకే గాటన కట్టిన కవిత, గ్యాస్ చాంబర్ల సంగతి లోకమంతటికీ తెలిశాక కూడా, 1948 సంకలనంలో చేరింది.

అది చూసి లండన్ యూదు కవి ఇమాన్యుయెల్ లిట్వినాఫ్ తట్టుకోలేకపోయాడు. ఎలియట్‌నే ఉద్దేశించి ఒక కవిత రాశాడు. 1951లో ఒక సభలో చదవబోతుండగా ఎలియట్ స్వయంగా లోపలికి వచ్చాడు. అయినా లిట్వినాఫ్ ఆగలేదు, చివరిదాకా చదివాడు. కవి స్టీఫెన్ స్పెండర్ లేచి అభ్యంతరం చెప్పాడు, సభలో గొడవ రేగింది. తల వంచుకుని కూర్చున్న ఎలియట్ మాత్రం మంచి కవిత అని గొణిగాడని అక్కడున్నవాళ్లు చెప్పారు.

సిలబస్ కమిటీలకు నా విన్నపం ఒకటే. 'జెరోన్షన్'ను తీసేయకండి, దాని పక్కనే లిట్వినాఫ్ కవితను చేర్చండి. ఎలియట్ గొప్ప కవి అని గట్టిగా నమ్మినవాడే దాన్ని రాశాడు.