ఏలికలు మారితే చాలదు

2021 మే 6న ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ నగర ఓటర్ల ముందు రెండు ప్రశ్నలు నిలిచాయి. ఒకటి ఎప్పుడూ ఉండేదే: మీ వార్డుకు ఎవరు కావాలి? రెండోది, ఏ పాలకుడూ తనంతట తాను అడగని ప్రశ్న: మిమ్మల్ని ఎట్లా పాలించాలి? మొదటి ప్రశ్నకు ప్రజలు చెప్పిన జవాబుతో లేబర్ పార్టీ కంచుకోటకు బీటలు పడ్డాయి. రెండో ప్రశ్నకు చెప్పిన జవాబుతో నగరం మీద పదిమంది పెత్తనం పోయింది. ఎన్నికలనగానే అందరి కన్నూ సీట్ల లెక్క మీదనే పడుతుంది. మా దృష్టిలో ఆనాటి అసలు తీర్పు రెండోది. ఇల్లు, ఊరు, ఉద్యోగం ఎవరి నిర్ణయాలతో నడుస్తున్నాయని అడిగే ప్రతి ఒక్కరూ ఈ తీర్పును చదవాలి.

షెఫీల్డ్ కార్మికుల నగరం. మన ఇళ్లలోని గిన్నెలు, చెంచాల స్టెయిన్‌లెస్ స్టీలుకు దారి చూపిన హ్యారీ బ్రేర్లీ 1913లో ప్రయోగాలు చేసింది ఇక్కడే. కొలిమి ముందు చెమటోడ్చిన ఈ నగరం 1926లోనే కౌన్సిల్‌ను లేబర్ పార్టీ చేతిలో పెట్టింది. మధ్యలో కొద్ది ఏళ్లు తప్ప ఆ పార్టీయే ఏలింది. కౌన్సిల్ అంటే మన మున్సిపల్ కార్పొరేషన్ లాంటిదే. 28 వార్డులు, వార్డుకు ముగ్గురు చొప్పున 84 మంది కౌన్సిలర్లు. అక్కడ లార్డ్ మేయర్ దండలకు, సభలకు పరిమితం. నడిపించేది కౌన్సిల్ లీడర్.

పాత రోజుల్లో కౌన్సిలర్లంతా కమిటీల్లో కూర్చుని, రోడ్లు, ఇళ్లు, బడుల సంగతులు కలిసి తేల్చేవాళ్లు. 2000లో టోనీ బ్లెయిర్ ప్రభుత్వం కొత్త చట్టం తెచ్చింది. కమిటీలతో ఆలస్యమవుతున్నదని, ఎవరు జవాబుదారో తెలియడం లేదని చెప్పి లీడర్, కేబినెట్ పద్ధతిని పెట్టించింది. కేబినెట్‌లో లీడర్‌తో కలిపి పదిమందికి మించకూడదు. చట్టం చెప్పిన కారణం జవాబుదారీతనం. జరిగిందేమిటి? 84 మందిని ప్రజలు గెలిపిస్తే, పెద్ద నిర్ణయాలు పదిమంది చేతికి పోయాయి. మిగిలిన 74 మందికి ప్రశ్నలు వేసే అవకాశం మిగిలింది, తేల్చే అధికారం పోయింది. ప్రతిపక్ష కౌన్సిలర్‌ను ఎన్నుకున్న వార్డు, అధికార పక్షంలో వెనుక బెంచీ కౌన్సిలర్‌ను ఎన్నుకున్న వార్డు, రెండూ ఒక్కటే అయ్యాయి. ఓటు ఉంది, మాట లేదు.

ఈ పద్ధతి ఎంత దూరం పోగలదో షెఫీల్డ్ చెట్లు చెబుతాయి.

2012లో కౌన్సిల్ నగర రోడ్లను బాగుచేసే పనిని ఏమీ అనే ప్రైవేటు కంపెనీకి అప్పగించింది. 25 ఏళ్ల కాంట్రాక్టు. విలువ 220 కోట్ల పౌండ్లు. రోడ్ల పక్కన తరతరాలుగా ఎదిగిన చెట్లు కూడా ఈ కాంట్రాక్టులోకే పోయాయి. కాలిబాట రాయి లేచిందన్నారు, వేరు అడ్డొచ్చిందన్నారు, గొడ్డలి పెట్టారు. జబ్బు చేసిన చెట్లతో పాటు నిక్షేపంగా ఉన్నవీ కూలాయి. 17,500 చెట్లను తీసేసి కొత్తవి నాటాలన్న అంకె కాంట్రాక్టులోనే ఉందని 2018లో బయటపడింది. అది లక్ష్యం కాదని కౌన్సిల్ బుకాయిస్తూ వచ్చింది. ప్రజల సొమ్ముతో ప్రజల వీధి మీద కుదిరిన ఒప్పందంలో ఏముందో ప్రజలకే తెలియలేదు.

2016 నవంబర్ 17. రస్ట్‌లింగ్స్ రోడ్. తెల్లవారకముందే పోలీసుల కాపలాతో మనుషులు దిగారు. నిద్రలో ఉన్నవాళ్లను లేపి కార్లు తీయమన్నారు. అక్కడి చెట్లలో చాలావాటిని కాపాడవచ్చని కౌన్సిల్ తానే వేసిన స్వతంత్ర కమిటీ చెప్పింది. ఆ మాటకు విలువ లేకపోయింది. ఎనిమిది చెట్లు నేలకూలాయి. అడ్డం నిలబడినందుకు డెబ్బై ఏళ్ల వయసున్న ఇద్దరు మహిళలను అరెస్టు చేశారు.

ఏ చట్టం కింద అరెస్టు చేశారో వింటే ఎవరికైనా ఆశ్చర్యం కలుగుతుంది. కార్మికుల పికెటింగ్‌ను అదుపు చేయడానికి ట్రేడ్ యూనియన్ చట్టంలో పెట్టుకున్న సెక్షన్ కింద. సమ్మెల చరిత్ర ఉన్న నగరంలో, కార్మికుల పేరు పెట్టుకున్న పార్టీ ఏలుబడిలో, కార్మికుల మీద ప్రయోగించే సెక్షన్ ముసలివాళ్ల మీదికి వచ్చింది. ఆ కేసులు నిలబడలేదు. అప్పుడు కౌన్సిల్ హైకోర్టుకు పోయి 2017లో నిషేధపు ఉత్తర్వు తెచ్చుకుంది. దాన్ని ధిక్కరించిందంటూ సొంత సభలోని గ్రీన్ పార్టీ కౌన్సిలర్ అలిసన్ టీల్‌నే బోనెక్కించింది. కోర్టు ఆ కేసును కొట్టేసింది. గెలిపించిన వార్డు పక్షాన నిలబడినందుకు ఒక ప్రజాప్రతినిధిని జైలుకు పంపాలని చూసిన కౌన్సిల్ అది. 2018 మార్చిలో నరుకుడు ఆగేసరికి 5 వేలకు పైగా చెట్లు పోయాయి.

చెట్ల కోసం మొదలైన కొట్లాట చెట్ల దగ్గరే ఆగి ఉంటే మేమీ సంపాదకీయం రాసేవాళ్లం కాదు. షెఫీల్డ్ జనం ఒక అడుగు ముందుకు వేశారు. మా వీధి సంగతి మా కౌన్సిలర్‌కు ఎందుకు తెలియలేదు? తెలిసినా ఎందుకు ఆపలేకపోయారు? ఈ ప్రశ్న వెంట పోతే దొరికిన జవాబు ఒక్క మనిషి పేరు కాదు, పద్ధతి. చెట్ల గొడవ ఒక్కటే కాదు, ప్రజలను అడగకుండా తేల్చిన ఇతర సంగతులూ ఆ కోపానికి తోడయ్యాయి.

2011 నాటి లోకలిజం చట్టం కౌన్సిళ్లు మళ్లీ కమిటీ పద్ధతికి పోవడానికి తలుపు తెరిచింది. ఓటర్లలో 5 శాతం మంది సంతకాలు పెడితే కౌన్సిల్‌కు ఇష్టమున్నా లేకున్నా రెఫరెండం పెట్టాల్సిందే. 'ఇట్స్ అవర్ సిటీ', అంటే ఇది మన నగరం, అనే పేరుతో మామూలు జనం కదిలారు. షెఫీల్డ్ లెక్కలో 20 వేల పైచిలుకు సంతకాలు కావాలి. గడప గడపకూ తిరిగి 26 వేలకు పైగా తెచ్చి 2019లో కౌన్సిల్ ముందు పెట్టారు. వెనుక పెద్ద పార్టీ లేదు, పెట్టుబడి లేదు. 2020లో జరగాల్సిన ఓటింగ్ కరోనా వల్ల ఏడాది వెనక్కి పోయింది. ఏడాది ఆగినా కోపం చల్లారలేదు.

ఫలితం చూడండి. కమిటీ పద్ధతి కావాలన్నవాళ్లు 89,670 మంది. ఉన్న పద్ధతే ఉండాలన్నవాళ్లు 48,727 మంది. దాదాపు 65 శాతం మార్పు వైపు. అదే రోజు కౌన్సిల్ ఎన్నికల్లో లేబర్ బలం 41కి పడిపోయింది. మెజారిటీకి 43 కావాలి. లిబరల్ డెమొక్రాట్లు 29, గ్రీన్స్ 13, కన్జర్వేటివ్‌లు 1. కౌన్సిల్ లీడర్ బాబ్ జాన్సన్ హిల్స్‌బరో వార్డులో తన సీటునే గ్రీన్ పార్టీకి పోగొట్టుకున్నారు.

ఈ అంకెల్లో ఒక ముచ్చట ఉంది. లేబర్ ఓడింది కానీ తుడిచిపెట్టుకుపోలేదు. అప్పటికీ అదే పెద్ద పార్టీ. రెండు ఫలితాలను పక్కపక్కన పెడితే, లేబర్‌కు ఓటేసిన చేతుల్లో ఎన్నో చేతులు లేబర్ నాయకత్వం వెనకేసుకొచ్చిన పద్ధతిని కాదన్నాయని అర్థమవుతుంది. పార్టీ మీద అభిమానం వేరు, పార్టీకి రాసిచ్చే గులాంగిరీ వేరు. ఈ తేడా తెలిసిన ఓటరే పాలకులకు భయం.

ఇంకో సంగతి కూడా దాచకుండా చెప్పుకోవాలి. ఆ రోజు ఓటేసింది నగర ఓటర్లలో మూడో వంతుకు కాస్త అటూ ఇటూ మాత్రమే. మిగిలినవాళ్లు గడప దాటలేదు. దీన్ని చూపి ఇది ప్రజాతీర్పే కాదని వాదించేవాళ్లున్నారు. అయ్యా, అదే పోలింగ్‌తో గెలిచిన కౌన్సిలర్లు కుర్చీలు ఎక్కవచ్చు గాని, అదే పోలింగ్‌తో వచ్చిన రెఫరెండం చెల్లదా? జనం ఓటుకు దూరమవడానికి కారణం, తమ ఓటుతో ఏదీ మారదన్న నిరాశ. ఆ నిరాశను పెంచింది పదిమంది పాలనే.

మెజారిటీ పోయిన లేబర్, గ్రీన్స్‌తో చేతులు కలిపింది. జైలుకు పంపాలని చూసిన అలిసన్ టీల్‌ను అదే కౌన్సిల్ కార్యవర్గంలో కూర్చోబెట్టింది. చెట్ల వ్యవహారం మీద స్వతంత్ర విచారణకు ఒప్పుకోక తప్పలేదు. ఐక్యరాజ్యసమితిలో సహాయ కార్యక్రమాలకు పెద్దగా పనిచేసిన మార్క్ లోకాక్ 2023 మార్చిలో నివేదిక ఇచ్చారు. కౌన్సిల్ నాయకత్వం ఘోరంగా విఫలమైందని, ఆరోగ్యంగా ఉన్న వేల చెట్లను పోగొట్టిందని, కోర్టును సైతం తప్పుదోవ పట్టించిందని తేల్చారు. ఆ ఏడాదే కౌన్సిల్ క్షమాపణ చెప్పింది. వీధిలో నిలబడ్డవాళ్లు చెప్పిందే నిజమని ఒప్పుకోవడానికి ఏడేళ్లు పట్టింది. చెట్టుకు ఆ ఏడేళ్లు తిరిగిరావు.

2022 మే నుంచి షెఫీల్డ్‌లో కమిటీ పద్ధతి మొదలైంది. పెత్తనం ఒక్క పార్టీ చేతిలో ఉండిపోకుండా కౌన్సిలర్లు కలిసి కూర్చుని తేల్చడం మళ్లీ వచ్చింది. దీనితో స్వర్గం దిగివచ్చిందని మేము చెప్పడం లేదు. కమిటీలో చర్చ ఎక్కువ, వేగం తక్కువ. ఎవరూ బాధ్యత తీసుకోకుండా ఒకరి మీద ఒకరు నెట్టుకునే ప్రమాదమూ ఉంది. ఖజానా ఖాళీగా ఉంటే పదిమంది కూర్చున్నా, 84 మంది కూర్చున్నా పంచేది కోతలే. 2010 తర్వాత ఇంగ్లండ్ నగరాలకు లండన్ ఇచ్చే గ్రాంట్లు బాగా తగ్గాయి. కానీ వేగం ఎవరి కోసం? తెల్లవారకముందే చెట్లు నరికిన వేగం కంటే, వీధివాళ్లను పిలిచి మాట్లాడే ఆలస్యమే నయం.

షెఫీల్డ్ ఒంటరి కాదు. బ్రిస్టల్ నగరం 2012లో నేరుగా ఎన్నికయ్యే మేయర్ కావాలని ఓటేసింది. పదేళ్లు చూసింది. ఒక్క మనిషి చేతిలో నగరం పెట్టడం చాలని 2022 మే రెఫరెండంలో 59 శాతం మంది ఆ పదవినే రద్దుచేసి కమిటీలను ఎంచుకున్నారు. 2024 ఎన్నికల్లో అక్కడ 70 సీట్లకు 34 గెలిచి గ్రీన్స్ అతిపెద్ద పార్టీ అయ్యారు.

రెండు నగరాలూ తేల్చుకున్నాయి. లండన్ ఏమంది? 2025 జూలైలో లేబర్ ప్రభుత్వం పార్లమెంటులో ఒక బిల్లు పెట్టింది. దాని పేరులో అధికార వికేంద్రీకరణ ఉంది, ప్రజల సాధికారత ఉంది. కడుపులో ఉన్నది వేరు. కమిటీ పద్ధతిలో నడిచే కౌన్సిళ్లు తిరిగి లీడర్, కేబినెట్ పద్ధతికి రావాలన్నది పెట్టిననాటి బిల్లు సారం. 89,670 మంది ఓటేసి తెచ్చుకున్నదాన్ని ఒక క్లాజుతో తీసేయవచ్చన్నమాట. ఆ బిల్లు ఏ రూపానికి చేరినా, ఏ నగరానికి ఎంత మినహాయింపు దొరికినా, ప్రశ్న మాత్రం మిగులుతుంది. నగరం తనను తాను ఎట్లా పాలించుకోవాలో నగరం తేల్చుకున్నాక, దూరాన ఉన్న రాజధానికి దాన్ని తిరగరాసే హక్కు ఎక్కడిది?

షెఫీల్డ్‌కు ఈ అనుభవం కొత్త కాదు. 1970ల మధ్య నుంచి సౌత్ యార్క్‌షైర్ కౌంటీ కౌన్సిల్ బస్సు చార్జీలు పెంచకుండా కార్మికుల పక్షాన నిలిచింది. 1986లో మార్గరెట్ థాచర్ ప్రభుత్వం ఆ కౌన్సిల్‌నే రద్దు చేసింది. చవక చార్జీలు పోయాయి. అప్పుడు తీసేసింది కన్జర్వేటివ్‌లు. 2025లో క్లాజు రాసింది లేబర్. జెండా రంగు మారింది, రాజధాని బుద్ధి మారలేదు. దయతలచి ఇచ్చిన అధికారాన్ని మనసు మారినప్పుడు తీసుకుంటారు. కొట్లాడి తెచ్చుకున్నదానికి కూడా కాపలా కావాల్సిందే.

అందుకే ఈ ఎన్నికను ఒక పార్టీ ఓటమిగా, ఇంకో పార్టీ గెలుపుగా చదివి పక్కన పెట్టవద్దని మా విజ్ఞప్తి. ఎవరు గెలిచారన్న లెక్క నాలుగేళ్లకోసారి మారుతుంది. గెలిచినవాళ్లు ఎవరిని అడిగి నిర్ణయిస్తారన్నది మారకపోతే, పాత కుర్చీలో కొత్త దొర కూర్చుంటాడు. చదువుకునే విద్యార్థి, జీతం మీద బతికే ఉద్యోగి తమ ఊళ్లో జరిగే ప్రతి కాంట్రాక్టు కాగితాన్ని చూపించమని అడగాలి. షెఫీల్డ్ మహిళలు చెట్టు కింద నిలబడి అడిగింది అదే. ముందు వాళ్లను పిచ్చివాళ్లన్నారు, తర్వాత నేరస్తులన్నారు, చివరికి క్షమించమన్నారు. ఆ మూడు మాటల మధ్య వాళ్లు ఇంటికి పోకుండా నిలబడ్డారు. నగరాన్ని గెలిపించింది ఆ నిలబడటమే.