వానకు ముందే వకీలు కావాలి



2024 ఆగస్టు 31న మన ఎన్టీఆర్ జిల్లా మీద కురిసిన వానను ఎవరమూ మరిచిపోలేదు. మర్నాడు బుడమేరు వాగు విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచేసరికి రాష్ట్రమంతా అటే చూసింది. చూడాల్సిందే, అక్కడి కష్టం అంతటిది. కానీ ఇక్కడ తిరువూరు పల్లపు వీధుల్లో కొట్లు పెట్టుకున్న మాబోటి వాళ్ల గోడు షట్టర్ల వెనకాలే ఉండిపోయింది.

నా కిరాణా కొట్టు సంగతే చెబుతాను. షట్టర్ ఎత్తేసరికి మోకాలి లోతు నీళ్లు. కింది వరస బియ్యం బస్తాలు ఉబ్బి కుట్లు తెగాయి. పంచదార బస్తాల్లో గోనె తప్ప ఏమీ మిగల్లేదు. అప్పు ఖాతా పుస్తకం విప్పితే బాల్‌పెన్నుతో రాసిన పేజీలు నిలిచాయి, ఇంకు పెన్నువి నీలి మరకలయ్యాయి. రెండో రోజుకే కంపు. పక్కింటి వాళ్లు పిల్లలతో ఉండలేకపోతున్నారని పాడైన సరుకంతా ట్రాక్టరుకెత్తించాను. నాలుగో రోజు బీమా సర్వేయర్ వచ్చి, "పాడైన స్టాకు చూపించండి" అన్నాడు. ఏం చూపించను? ఒక్క ఫొటో కూడా తీసి ఉంచలేదు.

తర్వాత పాలసీ తీసి చూస్తే అందులో ఉన్న డోరు నంబరు నేను మూడేళ్ల కిందట ఖాళీ చేసిన పాత కొట్టుది. లోను ఇచ్చినప్పుడు బ్యాంకు కట్టించిన పాలసీ అది. ఏటా ప్రీమియం నా ఖాతాలోంచి పోతూనే ఉంది, చిరునామా మాత్రం మారలేదు. క్లెయిమ్ కుదరదని ఉత్తరం వచ్చింది. ఎవరి దగ్గరికి వెళ్లాలో తెలియక దాన్ని బీరువాలో పెట్టేశాను.

ఆ ఉత్తరంతో కథ ముగిసిపోదని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. చిన్న వ్యాపారి ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా, హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు రాసుకోవచ్చు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు, 50 లక్షల దాకా తీర్పు ఇవ్వగలరు. కానీ ఏడాది గడువు దాటితే ఆ తలుపు మూసుకుంటుంది. బీమా తగాదాలు కోర్టు ఫీజు లేకుండా తేల్చే శాశ్వత లోక్ అదాలత్ ఉంది. రెండేళ్లలోపు వెళితే వినియోగదారుల కమిషన్ ఉంది. ఈ మూడు మాటలు ఆ రోజు నాతో చెప్పిన మనిషి ఒక్కరూ లేరు.

చెప్పాల్సిన వాళ్లు ఉన్నారు. 1987 నాటి న్యాయ సేవల అధికార సంస్థల చట్టం 12వ సెక్షన్, వరదలాంటి విపత్తులో దెబ్బతిని లేమిలో పడ్డవాళ్లకు ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఇచ్చింది. విపత్తు బాధితుల కోసమే జాతీయ న్యాయ సేవల సంస్థ 2010లో ప్రత్యేక పథకం తెచ్చింది. 15100కి ఫోన్ చేస్తే పలుకుతారు. చట్టం ఉంది, పథకం ఉంది, వాన పడిన వారంలో మన వీధిలోకి వచ్చే మనిషే లేడు.

సర్కారు సాయం సంగతీ తెలుసుకోవాలి. విపత్తు సహాయ నిధి నిబంధనల్లో ఇంటికి, పశువుకు, పంటకు, పడవకు లెక్క ఉంది. కొట్లో తడిసిన సరుకుకు లెక్క లేదు. 2024లో ప్రభుత్వం ప్రత్యేకంగా ప్రకటించింది గనక చిన్న దుకాణాలకు 25 వేలు, రిజిస్టరైన చిన్న పరిశ్రమలకు టర్నోవరును బట్టి 50 వేల నుంచి లక్షన్నర దాకా అన్నారు. రిజిస్టరైన అన్న మాట దగ్గరే చాలామంది ఆగిపోతారు. ఆ రిజిస్ట్రేషన్, అంటే ఉద్యం నమోదు, ఉచితం, ఆధార్‌తో ఫోన్‌లోనే అయిపోతుంది. అయినా మనలో ఎందరికుంది? పైగా పాడైన సరుకు మీద తీసుకున్న జీఎస్టీ క్రెడిట్‌ను మనమే వెనక్కి కట్టాలి. నష్టపోయినవాడు ఈ లెక్కలన్నీ ఒంటరిగా ఎలా చూసుకుంటాడు?

అందుకే అడుగుతున్నాం. వచ్చే తొలకరిలోపు తిరువూరు కోర్టు ఆవరణలో మండల న్యాయ సేవల కమిటీ ఆధ్వర్యంలో వ్యాపారుల సహాయ బల్ల ఒకటి పెట్టాలి. వారానికి ఒక పూట ఒక వకీలు, ఒక అకౌంటెంటు కూర్చుంటే చాలు. పాలసీలు చదివి చెప్పాలి, అద్దె కాగితాలు సరిచూడాలి. నీళ్లు వచ్చాక మూడు రోజుల్లోపు వీఆర్వోతో కలిసి వీధి వీధీ తిరిగి పంచనామా రాయించాలి. ఆ కాగితం చేతిలో ఉంటే సరుకు పారబోసినా నష్టానికి రుజువు మిగులుతుంది. బుడమేరు వరద తర్వాత విజయవాడలో బీమా క్లెయిముల కోసం అధికారులు ఒకేచోట కేంద్రం తెరిచారు. అంత నష్టం జరిగాక తెరిచినదాన్ని, జరగక ముందే ఇక్కడ తెరవమంటున్నాం.

వాగులు పొంగాయంటే మనకు రోడ్లు ఆగుతాయి. అప్పుడు విజయవాడ పరుగెత్తి వకీలును పట్టుకోవడం అయ్యే పని కాదు.

ఈ కాగితం వెనక మీ పేరు, కొట్టు డోరు నంబరు రాసి సంతకం పెట్టి ఇవ్వండి. అందరి సంతకాలతో కమిటీకి అర్జీ ఇద్దాం. ఈ రాత్రి కొట్టు కట్టేశాక మీ పాలసీ వెతికి తీయండి. అందులో ఏ డోరు నంబరు ఉందో చూడండి.

ఇట్లు
తిరువూరు కిరాణా వ్యాపారి ఒకరు