వరస కట్టినవారి పేరేదీ?

చిక్కడపల్లి త్యాగరాయ గానసభ మొదలుకుని నారాయణగూడ బడుల వార్షికోత్సవాల దాకా మన సభల్లో పేర్లకేం కొదవ ఉండదు. పాడే అమ్మాయి పేరు, ఆమె గురువుగారి పేరు, పాట రాసిన కవి పేరు చదువుతారు. శాలువా కప్పే పెద్దాయన పేరైతే రెండుసార్లు చదువుతారు. ఆ పాటకి వరస కట్టిందెవరని అడిగి చూడండి. పాడిన పిల్లా, నేర్పిన టీచరుగారూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు.

వాళ్ళ తప్పు కాదు లెండి. వాళ్ళు నేర్చుకున్న కాగితంలోనే ఆ పేరు లేదు. ఒకప్పుడు పొడుగు నోటుపుస్తకంలో చేత్తో ఎక్కించుకున్న నొటేషన్, తర్వాత జిరాక్సు కాపీ అయింది, ఇప్పుడు ఫోన్లో తిరిగే ఫైలయింది. అశోక్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల మధ్య డి.టి.పి. షాపులో పేజీకింత అని ఇస్తే స్వరాలు చక్కగా టైపు చేసి పెడతారు. పైన పాట పేరు, రాగం, తాళం, ఆరోహణ, అవరోహణ. కింద 'రచన: అన్నమయ్య'. అంతే.

అన్నమయ్య రాగిరేకుల మీద సాహిత్యముంది, రాగం పేరుంది. స్వరం లేదు. ఈవేళ మనం పాడుకుంటున్న వరసలు చాలామటుకు ఇరవయ్యో శతాబ్దంలో రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ, బాలాంత్రపు రజనీకాంతరావు, నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్ వంటివారు కట్టినవి. 'నానాటి బ్రతుకు'ను రేవతి రాగంలో కూర్చింది నేదునూరివారు. ఆయన 2014లో పోయారు. నొటేషన్ కాగితం మీద ఆ పేరు లేకపోతే ఆ రేవతి కూడా అయిదువందల ఏళ్ళనాటిదనే అనుకుంటుంది నేర్చుకునే పిల్ల.

ఆడవాళ్ళ విషయంలో ఇది మరీ అన్యాయం. 'జయ జయ జయ ప్రియ భారత' అనగానే దేవులపల్లి కృష్ణశాస్త్రి అంటాం, సరే. దానికి బాణీ కట్టింది ఆయన మేనకోడలు వింజమూరి అనసూయాదేవి అని ఎందరు పిల్లలకి చెబుతున్నాం? 2019లో కన్నుమూసిన ఆవిడ ఊరూ పేరూ లేని మనిషి కాదు. ఆవిడకే ఇలా ఉంటే, ఇంట్లో పదిమంది పిల్లలకి పాఠం చెబుతూ, మంగళహారతికో, బడిపిల్లల బృందగానానికో కొత్త వరస కట్టి పెట్టే మన టీచరమ్మల గతేమిటి? ఆ వరస నాలుగిళ్ళు దాటేసరికి కాగితం మీద 'సంప్రదాయం' అని పడుతుంది. బతికున్న మనిషి సంప్రదాయమైపోతుంది!

'దేవుడి పాటకి పేరేమిటండీ, అహంకారం కాదూ' అనేవాళ్ళున్నారు. త్యాగరాజస్వామి తన కీర్తనల్లో తన పేరు ముద్రగా పెట్టుకున్నారు. తరిగొండ వెంగమాంబ తన ఊరి నృసింహస్వామిని ముద్ర చేసుకుంది. వాళ్ళకి లేని మొహమాటం మనకెందుకు? పైగా కవికైతే చరణంలో ముద్ర పెట్టుకునే చోటుంది. వరస కట్టినవారికి పాటలో చోటే లేదు. ఉన్నదల్లా కాగితం నెత్తిన ఉన్న ఆ కాస్త జాగానే. 1904లో ఎట్టయపురంలో తెలుగు లిపిలో అచ్చయిన 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని'లో సుబ్బరామ దీక్షితులు స్వరాలతో ఊరుకోలేదు, వాగ్గేయకారుల చరిత్రలు కూడా రాసిపెట్టారు.

చట్టం కూడా మనవైపే ఉంది. 1957 నాటి కాపీరైట్ చట్టంలో మొదట, రాతలోకో అచ్చులోకో వచ్చిన సంగీతమే లెక్క. 1994లో దాన్ని సవరించారు. సంగీతం కూర్చిన మనిషే స్వరకర్త, ఆమె దాన్ని నొటేషన్‌గా రాసుకున్నా సరే, రాసుకోకపోయినా సరే. 'నాకు స్వరం రాయడం రాదమ్మా' అని వెనక్కి తగ్గే అమ్మమ్మలకి ఇది ఎంత పెద్ద మాటో చూడండి. సాహిత్యం వేరు, సంగీతం వేరు అని కూడా అదే చట్టం చెబుతోంది. పాట పాతదైనా కొత్త వరస మీద హక్కు కట్టినవారి జీవితకాలం, ఆ తర్వాత అరవయ్యేళ్ళు. హక్కు ఇంకొకరికి రాసిచ్చేసినా 'ఇది నేను కట్టింది' అని చెప్పుకునే అధికారం మాత్రం పోదు. రిజిస్ట్రేషన్ తప్పనిసరేమీ కాదు. కానీ రేపెప్పుడైనా తగవొస్తే పేరూ, సంవత్సరమూ ఉన్న పాత కాగితం మాట సాయం చేస్తుంది.

పడమటి దేశాల్లో పాటని ఉత్త అక్షరాలతో కంప్యూటర్లో రాసుకోవడానికి 'ఏబీసీ' అని ఒక లిపి ఉంది. అందులో స్వరకర్తకి ఒక వరుస, నొటేషన్ ఎక్కించినవారికి ఒకటి, ఎక్కడినుంచి తీసుకున్నారో చెప్పడానికి ఇంకొకటి కేటాయించారు. తమాషా ఏమిటంటే అక్కడా పాట పేరు తప్పనిసరి, స్వరకర్త పేరు మీ ఇష్టం! మన సరిగమలు ముందునుంచీ అక్షరాలే కదా, మనకి కొత్త లిపి అక్కర్లేదు. ఆ వరుసలు చేరిస్తే చాలు. రచన ఎవరిది, వరస ఎవరిది, ఏ సంవత్సరం, నొటేషన్ రాసిందెవరు, ఎవరి పాఠం. పాఠాంతరాలు ఎన్నో ఉంటాయి గనుక ఆ చివరిది మరీ ముఖ్యం. వరస ఎవరిదో తెలియకపోతే 'తెలియదు' అనే రాయండి. దయచేసి 'సంప్రదాయం' అనకండి, అలా అన్నాక ఇంకెవరూ వెతకరు.

ఈ పేర్లు విడిగా అట్టమీద పెడితే లాభం లేదు. జిరాక్సు తీసేవాళ్ళు అట్ట వదిలేసి లోపలి పేజీయే తీస్తారు. అందుకని ప్రతి పాట నెత్తినా ఉండాలి. టైపు చేసే అబ్బాయిని యూనికోడ్‌లో కొట్టమనండి. పాత అను ఫాంట్లలో కొడితే ఇంకో ఫోన్లోకి వెళ్ళేసరికి అన్నీ పిచ్చి అక్షరాలవుతాయి, మీ పేరుతో సహా. నాలుగు వరుసలు ఎక్కువైనంత మాత్రాన పేజీ పెరగదు, డబ్బులూ పెరగవు. ప్రూఫు చూసుకునేటప్పుడు తారస్థాయి చుక్కలు సరిగ్గా పడ్డాయా అని చూస్తారుగా, అప్పుడే పై వరుసల్లో పేర్లు కూడా ఓసారి సరిచూసుకోండి.